ఊపిరి సంగతి మిషనుకు ఎలా తెలుస్తుంది? బైపాప్ వాడకంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బైపాప్ మిషన్ల గురించే. గొంతులో గొట్టం వెయ్యకుండా, మాస్కు ద్వారా గాలిని నెట్టి ఊపిరికి సాయం చేసే మిషను ఇది. అన్ని ఉత్తరాలకూ పనికొచ్చే మాటొకటి ముందే చెబుతాం. ఈ మిషను మనిషిని చూడలేదు. తాను పంపే గాలి ఎంత పోతోందో కొలుచుకుని, దాన్నిబట్టి ఊపిరిని లెక్కగడుతుంది, అంతే. మాస్కు పక్కనుంచి గాలి పోతే ఆ లెక్క తప్పుతుంది. అందుకని నంబర్లు మార్పించాలనుకునే ముందు మాస్కు చూడండి. నంబర్లు మార్చడం మీ డాక్టరుగారి పని, మాస్కు సరిచెయ్యడం ఇంట్లోవాళ్ల పని.

ప్రశ్న: మా మావయ్యగారికి 68 ఏళ్లు. లంక పొగాకు చుట్టలు కాల్చి కాల్చి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే జబ్బు) వచ్చింది. ఆసుపత్రి నుంచి పంపిస్తూ బైపాప్ 16/6 అని రాసిచ్చారు. ఛాతీమీద వైర్లేమీ పెట్టలేదు. అయినా ఆయన ఊపిరి పీల్చగానే గాలి జోరుగా వస్తోంది, వదలగానే తగ్గుతోంది. అదెలా?
– ఒక కోడలు, పాలకొల్లు

ముందు ఆ 16, 6 ఏమిటో చూద్దాం. గ్లాసు నీళ్లలో స్ట్రా 6 సెంటీమీటర్ల లోతుకి ముంచి ఊదితే, అడుగునుంచి బుడగ రావడానికి ఎంత ఒత్తిడి కావాలో అది 6. ఆయన ఊపిరి వదిలేటప్పుడు మిషను ఆ 6 ఒత్తిడి ఉంచుతుంది. పీల్చేటప్పుడు 16కి పెంచుతుంది. ఈ రెండింటికీ ఉన్న 10 తేడాయే ఆయన కండరాలకు అందే సాయం.

మిషను లోపల చిన్న ఫ్యాను ఉంటుంది, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. దాని పక్కనే రెండు సెన్సర్లుంటాయి. ఒకటి ఒత్తిడిని కొలుస్తుంది, రెండోది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి పోతోందో కొలుస్తుంది. సంగతంతా ఈ రెండో దానిలో ఉంది.

మాస్కు మోచేయి (ట్యూబు తగిలించే వంపు) దగ్గరో, ట్యూబు కొసనో సన్నని బెజ్జాలు కనిపిస్తాయి చూడండి. వదిలిన గాలి బయటికి పోవడానికి కావాలనే పెట్టినవి అవి. ఎంత ఒత్తిడి దగ్గర వాటిలోంచి ఎంత గాలి పోతుందో మిషనుకు ముందే తెలుసు. మాస్కును బట్టి కొంచెం మారుతుంది గానీ, 10 ఒత్తిడి దగ్గర నిమిషానికి సుమారు 30 లీటర్లు అనుకోవచ్చు. ఇది కాక మాస్కు అంచుల్లోంచి కొంత పోతుంది. కొన్ని ఊపిరుల మీద సరాసరి తీసి ఆ లీకును కూడా మిషను లెక్క కట్టుకుంటుంది.

ఇప్పుడు ఒక్క ఊపిరిని దగ్గరగా చూద్దాం. మావయ్యగారు గాలి పూర్తిగా వదిలేశారు. ఒత్తిడి 6 దగ్గరుంది. బెజ్జాల్లోంచి 24 లీటర్లు, మాస్కు అంచుల్లోంచి 6 లీటర్లు, మొత్తం నిమిషానికి 30 లీటర్ల వేగంతో గాలి పోతోంది. ఆయన పీల్చడం మొదలుపెట్టారు. మాస్కులో ఒత్తిడి వెంట్రుకవాసి తగ్గబోతుంది. తగ్గనివ్వకుండా ఫ్యాను ఇంకాస్త గాలి పంపుతుంది, 30 కాస్తా 34 అవుతుంది. లీకు 30 అని మిషనుకు తెలుసు కాబట్టి, మిగిలిన 4 మనిషి పీలుస్తున్నదే అని తేల్చుకుంటుంది. ఆ తేడా అమర్చిన గీత దాటగానే ఒత్తిడి 16కి పెరుగుతుంది. ఈ గీతనే ట్రిగ్గర్ అంటారు. పీల్చడం మొదలైన క్షణానికీ, సాయం మొదలవడానికీ మధ్య సుమారు సెకనులో పదోవంతు పడుతుంది. కొన్ని మిషన్లు ఇంకో ఉపాయం కూడా వాడతాయి. గాలి వేగం గీసే గీతకు నకలు తీసి, దాన్ని కొద్దిగా వెనక్కి జరిపి, అసలు గీత ఆ నకలును ఎక్కడ ఖండిస్తుందో చూస్తాయి. వేగం ఉన్నట్టుండి మారితే అలా వెంటనే పట్టేస్తాయి.

ఆపడం ఎలాగంటారా? పీల్చడం మొదలైన కాసేపటికి గాలి వేగం శిఖరానికి వెళుతుంది, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులు నిండుతున్నకొద్దీ తగ్గుతుంది. శిఖరం 60 లీటర్లయితే, చాలా మిషన్లలో మామూలుగా ఉండే 25 శాతం లెక్కన, వేగం 15కి దిగగానే మిషను 16 నుంచి 6కి వచ్చేస్తుంది. ఆ శాతాన్ని సైకిల్ అంటారు.

మీ కాగితంలో ఎస్.టి. అని కూడా ఉండి ఉంటుంది, పక్కన 12 లాంటి అంకె. దాన్ని బ్యాకప్ అంకె అంటారు. నిద్రలో ఆయన ఊపిరి మరిచిపోతే, 60ని 12తో భాగిస్తే వచ్చే 5 సెకన్లు చూసి మిషనే ఒక ఊపిరి ఇస్తుంది.

ప్రశ్న: మా అమ్మకి 71. అర్ధరాత్రి దాటాక మిషను తెర మీద నిమిషానికి ఊపిరి 34 అని చూపిస్తోంది. నేను పక్కన కూర్చుని లెక్కపెడితే 18 మాత్రమే. మిషను పాడైందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

పాడవలేదు, మోసపోతోంది. మనిషి పీల్చకుండానే పీల్చారనుకుని గాలి నెట్టేస్తోంది. దీన్ని ఆటో ట్రిగ్గరింగ్ అంటారు. మీరు పక్కన కూర్చుని లెక్కపెట్టడం చాలా మంచి పని. కారణాలను ఈ వరసలో చూడండి.

మొదటిది లీకు. లీకు స్థిరంగా ఉంటే మిషను దాన్ని లెక్కలో కలుపుకుంటుంది. పక్కకు తిరిగినప్పుడో, దవడ జారినప్పుడో ఉన్నట్టుండి పెరిగితే కలుపుకోవడానికి టైము చాలదు. పెరిగిన లీకునే ఊపిరి అనుకుంటుంది. బెజ్జాల్లోంచి పోయేది కాకుండా, అంచుల్లోంచి పోయేది నిమిషానికి 24 లీటర్లు దాటితే కొన్ని మిషన్లు దాన్ని ఎక్కువ లీకుగా చూపిస్తాయి. ఆ అంకె తెరమీద ఎక్కడుంటుందో మిషను ఇచ్చినవాళ్ల చేత చూపించుకోండి.

అమ్మగారు పడుకునే ముందు కట్టుడు పళ్లు తీసేస్తారా? తీస్తే బుగ్గలు లోపలికి పోతాయి. పగలు పళ్లతో సరిపోయిన మాస్కు రాత్రి సరిపోదు. పళ్లు తీశాకే, పడుకోబెట్టాకే, మిషను నడుస్తుండగా పట్టీలు సరిచెయ్యాలి. కూర్చోబెట్టి బిగించిన మాస్కు పడుకున్నాక వదులవుతుంది. అలాగని లాగి బిగించకండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఎక్కువ బిగిస్తే సిలికాన్ అంచు నలిగి ఇంకా లీకవుతుంది, పైగా ముక్కు ఎముక మీద పుండు పడుతుంది. లీకు ఆగకపోతే మాస్కును ముఖం నుంచి కొంచెం ఎత్తి, అంచు గాలితో పొంగాక మళ్లీ ఆనించండి. చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది.

కోనసీమ ఇళ్లలో ఇంకోటి చూస్తాం. పడుకునే ముందు ముఖానికీ తలకీ కొబ్బరినూనె రాస్తారు. నూనె మీద సిలికాన్ నిలవదు, జారుతుంది, కొన్నాళ్లకు మెత్తబడి చెడుతుంది. నూనె పగలే రాసి, రాత్రి ముఖం సబ్బుతో కడిగి ఆరాక మాస్కు పెట్టండి. మాస్కు అంచును రోజూ ఉదయం గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి, ఎండలో కాదు.

రెండోది ట్యూబులో నీళ్లు. హ్యుమిడిఫయరు (గాలికి తేమ కలిపే వేడినీళ్ల తొట్టి) ఉండి, గదిలో ఏసీ వేస్తే, తడిగాలి చల్లటి ట్యూబులో నీరైపోతుంది. ఆ నీళ్లు గుడగుడలాడుతుంటే గాలి వేగం ఎగిరెగిరి పడుతుంది, మిషను దాన్ని కూడా ఊపిరే అనుకుంటుంది. ట్యూబు చెవి దగ్గర పెట్టుకుని వినండి, తెలిసిపోతుంది. మిషనును మంచం ఎత్తుకన్నా కిందుగా పెట్టండి, నీళ్లు వెనక్కి తొట్టిలోకి జారతాయి. ట్యూబుకు పాత నూలుగుడ్డ చుట్టండి. వానాకాలంలో మన గాలిలోనే తేమ ఎక్కువ, హ్యుమిడిఫయరును ఒకటి రెండు మెట్లు తగ్గిస్తే చాలు.

ఇవన్నీ చూశాక కూడా తగ్గకపోతే ట్రిగ్గర్ మరీ సున్నితంగా అమర్చి ఉండవచ్చు. గుండె కొట్టుకునే కదలికకు కూడా స్పందించేటంత సున్నితంగా ఉండటం కద్దు. అప్పుడు డాక్టరుగారితో ఒక మెట్టు తగ్గింపించాలి.

ప్రశ్న: మాది దీనికి తిరగబడిన కథ. నాన్నగారు ఊపిరి లాగుతుంటారు, మిషను మాత్రం పలకదు. రెండుసార్లు లాగితే ఒకసారి వస్తుంది. మెడ నరాలు పొంగుతాయి. లీకు లేదు.
– ఒక పాఠకురాలు, తణుకు

మీరు చూసింది నిజమే. ముందు దాన్ని అంకెల్లో పెట్టండి. నాన్నగారు పడుకున్నాక అరచెయ్యి ఆయన బొడ్డుకు పైన, పక్కటెముకలు కలిసేచోట ఆనించండి. చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ ఒకటి. గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. అదే నిమిషంలో మిషను ఎన్నిసార్లు జోరందుకుందో పక్కనున్నవాళ్లు లెక్కపెట్టాలి. చేతి లెక్క 24, మిషను లెక్క 16 అయితే 8 ప్రయత్నాలు వృథా అవుతున్నాయన్నమాట. మూడు రాత్రులు ఇలా రాసుకుని డాక్టరుగారికి చూపించండి. ‘సరిగా పనిచెయ్యట్లేదండి’ అనడం కన్నా ఆ కాగితం ఎక్కువ పనిచేస్తుంది.

ఇలా ఎందుకవుతుందో చెబుతాం. సీఓపీడీలో గాలి లోపలికి పోయినంత తేలిగ్గా బయటికి రాదు. పూర్తిగా వదలకముందే మళ్లీ పీల్చాల్సి రావడంతో కొంత గాలి లోపలే చిక్కుకుంటుంది. ఆ చిక్కుకున్న గాలి ఒత్తిడి 9 అనుకోండి, మిషను పెట్టింది 5. మాస్కులో గాలి కదలాలంటే ముందు ఆయన ఆ 4 తేడాను తన కండలతో లాగి చెల్లించాలి, అప్పుడుగానీ మిషనుకు కబురందదు. అలసిన కండరాలు ఒక్కోసారి అంతదాకా లాగలేవు. మిషను ట్రిగ్గరును ఎంత సున్నితం చేసినా లాభముండదు, ఎందుకంటే గాలే కదలడం లేదు.

దీనికి డాక్టర్లు చేసేవి రెండు. కింది ఒత్తిడిని 5 నుంచి 7కో 8కో పెంచి ఆ తేడా తగ్గిస్తారు. సాయం తగ్గిపోకుండా పై ఒత్తిడిని కూడా చూసుకుంటారు. రెండోది, వదలడానికి ఎక్కువ టైము ఇస్తారు. నిమిషానికి 24 ఊపిరులంటే ఒక్కోదానికి రెండున్నర సెకన్లు. మిషను అందులో ఒకటిన్నర సెకన్లు గాలి నెడుతూ కూర్చుంటే వదలడానికి మిగిలింది ఒక్క సెకను. నెట్టడం 0.8 సెకన్లలో ముగిస్తే 1.7 సెకన్లు దొరుకుతుంది. సీఓపీడీలో గాలి వేగం నెమ్మదిగా దిగుతుంది కాబట్టి 25 శాతం దాకా ఆగితే ఆలస్యమవుతుంది, సైకిల్‌ను 40, 50 శాతానికి పెంచుతారు. పీల్చే టైముకు పై హద్దు కూడా పెడతారు. ఈ పై హద్దు ఇంకో ఆపద నుంచి కూడా కాపాడుతుంది. లీకు పెద్దదైతే గాలి వేగం ఎప్పటికీ దిగదు, మిషను 16 దగ్గరే ఊదుతూ ఉండిపోతుంది. హద్దు ఉంటే అక్కడ ఆగుతుంది.

పై ఒత్తిడి అవసరానికి మించి ఉన్నా ఇదే తిప్పలు. ఎక్కువ గాలి పోస్తే ఎక్కువ గాలి చిక్కుకుంటుంది. కాబట్టి ‘ఆయాసంగా ఉంది, ఇంకో రెండు పెంచండి’ అని మిషను అద్దెకిచ్చినవాళ్లకు ఫోను చెయ్యకండి.

ప్రశ్న: మా తమ్ముడికి కండరాల క్షీణత జబ్బు, 19 ఏళ్లు. గాలి మొదలైనంతలోనే ఆగిపోతోంది, చాలడం లేదంటున్నాడు.
– ఒక అక్క, రావులపాలెం

సీఓపీడీకి సరిగ్గా ఎదురు. ఇక్కడ గాలి వేగం శిఖరమే తక్కువ, అర సెకనులో పావువంతుకు దిగిపోతుంది, మిషను తొందరపడి ఆపేస్తుంది. సైకిల్‌ను 10, 15 శాతానికి తగ్గించాలి, పీల్చే టైముకు కింది హద్దు 0.8 నుంచి 1 సెకను దాకా పెట్టాలి. ట్రిగ్గర్ బాగా సున్నితంగా ఉండాలి. బ్యాకప్ అంకె అతని మామూలు ఊపిరికి దగ్గరగా ఉండాలి, అలసిన కండరాలు మిషనును పిలవలేని రాత్రి అదే ఆదుకుంటుంది. తమ్ముడు తన చేత్తో మాస్కు తీసుకోలేకపోతే, సొంత బ్యాటరీ, అలారం ఉన్న మిషనే కావాలి. మామూలు బైపాప్‌తో నెట్టుకురావద్దు. ఇందులో బేరం లేదు.

ప్రశ్న: మాస్కు బెజ్జాల్లోంచి గాలి బుస్సుమని కళ్లమీదికి కొడుతోందని అక్కయ్య వాటికి ప్లాస్టరు అంటించింది. నిద్ర బాగా పడుతోందట. పర్వాలేదా?
– ఒక పాఠకురాలు, రాజోలు

ఈ జవాబు చదవగానే ఆ ప్లాస్టరు తీసెయ్యండి. నిద్ర బాగా పడుతోందన్న మాటే మమ్మల్ని ఎక్కువ భయపెడుతోంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ముందుగా కనిపించేవాటిలో మత్తు ఒకటి.

లెక్క చూడండి. 6 అడుగుల పొడవు, 22 మిల్లీమీటర్ల లావున్న ట్యూబులో పట్టే గాలి దాదాపు 700 మిల్లీలీటర్లు. మామూలు ఊపిరి 500. బెజ్జాలు మూస్తే ఆమె వదిలిన గాలంతా ట్యూబులోకే పోయి, తర్వాతి ఊపిరికి తిరిగి అదే లోపలికి వస్తుంది. వదిలేటప్పుడు కూడా మిషను కింది ఒత్తిడిని ఎందుకు వదలదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ గాలే ట్యూబును కడిగి, పాత గాలిని బెజ్జాల్లోంచి బయటికి తోస్తుంది. అందుకే చాలా మిషన్లు 4కి కిందకి దిగనివ్వవు.

ఇదే పొరపాటు ఇంకో రూపంలో కూడా జరుగుతుంది. ఆసుపత్రిలో పెద్ద వెంటిలేటరుకు వాడే, బెజ్జాలు లేని మాస్కును ఇంటికి తెచ్చి ఇంటి మిషనుకు తగిలిస్తారు. ఆ మాస్కుల మోచేయి చాలావాటిలో నీలం రంగులో ఉంటుంది. మిషను నడిపి, మాస్కు చుట్టూ తడిచెయ్యి పెట్టి చూడండి. మోచేయి దగ్గరో, ట్యూబు కొసనో ఒకచోట చల్లగా గాలి నిలకడగా తగలాలి. ఎక్కడా తగలకపోతే ఆ మాస్కు వాడకూడదు. మాస్కు రకం మారిస్తే మిషను మెనూలో కూడా మార్పించండి, లేకపోతే బెజ్జాల లెక్క తప్పి ట్రిగ్గర్ గాడి తప్పుతుంది.

గాలి కళ్లకు కొడుతోందంటే అది బెజ్జాల గాలి కాకపోవచ్చు, ముక్కు పైభాగంలో లీకై ఉండవచ్చు. నుదుటి దగ్గర పట్టీ సర్దండి. అక్కయ్యకు తెల్లవారి తలనొప్పి, పగటి మత్తు ఉంటే ఆలస్యం చెయ్యకుండా రక్తవాయు పరీక్ష చేయించండి.

ప్రశ్న: తుఫాను వస్తే మాకు రెండు మూడు రోజులు కరెంటుండదు. ఇన్వర్టరు మీద నడపవచ్చా? ఆక్సిజన్ కూడా వాడుతున్నాం, నిమిషానికి 2 లీటర్లు.
– ఒక పాఠకుడు, నరసాపురం

1996 నవంబరు తుఫాను చూసిన డెల్టాకు ఈ ప్రశ్న కొత్త కాదు. బైపాప్ ఒక్కటైతే పెద్ద భారం కాదు. హ్యుమిడిఫయరు వేడి ఆపేస్తే చాలావరకు 30 నుంచి 60 వాట్లే. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ లెక్కకు 1,800 వాట్ అవర్లు, చేతికొచ్చేది 1,100 అనుకోండి. 50 వాట్లకు దాదాపు 22 గంటలు. గదిగాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సంట్రేటరు మాత్రం దాదాపు 350 వాట్లు లాగుతుంది. రెండూ కలిపితే 3 గంటలు కూడా రాదు. అందుకని కరెంటు పోగానే కాన్సంట్రేటరు ఆపి సిలిండరుకు మారండి. బి టైపు సిలిండరులో 1,500 లీటర్లుంటాయి, మీ 2 లీటర్లకు పన్నెండున్నర గంటలు. సైన్ వేవ్ ఇన్వర్టరే వాడండి, హ్యుమిడిఫయరు, ఫ్యాను, టీవీ ఆ లైను మీద వద్దు. కరెంటు మారిన క్షణంలో మిషను ఆగిపోవచ్చు. కొన్ని వాటంతటవే మొదలవుతాయి, కొన్నిటికి బటన్ నొక్కాలి. మీది ఏ రకమో పగటిపూట ప్లగ్గు పీకి చూసుకోండి.

ఆక్సిజన్‌కు ఒక వరస ఉంది. ముందు మిషను, తర్వాత ఆక్సిజన్. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత మిషను. తిరగబడితే ఆగిన మిషనులో ఆక్సిజన్ పేరుకుని నిప్పుకు ఆస్కారమిస్తుంది. దేవుడి దీపం, దోమల చక్రం ఆ గదిలో వద్దు. లీకు పెరిగితే ఆక్సిజన్ కూడా పలచబడుతుందని గుర్తుంచుకోండి, అదే 2 లీటర్లు మునుపటంత అందవు.

దాళ్వా కోతలప్పుడు ఇంకోటి. నూర్పిడి ధూళికి ఫిల్టరు వారంలోనే నల్లబడుతుంది. నురగలాంటి ఫిల్టరైతే కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి, తెల్లటి పలచటిదైతే కడగకూడదు, మార్చాలి.

ప్రశ్న: గాలి లెక్క మీద ఆధారపడకుండా ఊపిరిని పసిగట్టే పద్ధతి లేదా?
– ఒక నర్సింగ్ విద్యార్థిని, కాకినాడ

ఉంది, నావా అంటారు. ముక్కులోంచి అన్నవాహికలోకి దింపే సన్నటి గొట్టం కొసన ఎలక్ట్రోడ్లుంటాయి. డయాఫ్రం కండరంలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని అవి అందుకుంటాయి. గాలి కదలకముందే సంకేతం వస్తుంది కాబట్టి లీకుతో గానీ, చిక్కుకున్న గాలితో గానీ పనిలేదు. నెలలు నిండని పసికందుల విభాగాల్లో ఇది బాగా ఉపయోగపడుతుంది, వాళ్ల మాస్కు లీకు ఎక్కువ, ఊపిరి చిన్నది. ఖర్చూ గొట్టమూ కారణంగా ఐసీయూ దాటి రాలేదు.

ప్రశ్న: రాత్రి ఇంట్లో సర్దుకుంటూ ఎంతసేపు చూడవచ్చు? ఎప్పుడు బయల్దేరాలి?
– ఒక పాఠకురాలు, మండపేట

మాస్కు, నీళ్లు, ఫిల్టరు చూడటానికి పది నిమిషాలు చాలు. పిలిస్తే పలకకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా, పెదవులు నీలం తిరిగినా, కఫం ఉమ్మలేక గొంతులో గరగరలాడినా ఆ పది నిమిషాలు కూడా ఆగవద్దు, 108కి ఫోను చెయ్యండి. వాంతి వస్తే ముందు మాస్కు తీసి పక్కకు తిప్పండి. మాస్కులోకి వాంతి అయితే మిషను దాన్ని ఊపిరితిత్తుల్లోకి నెట్టేస్తుంది. వెళ్లేటప్పుడు మిషను, మాస్కు, ట్యూబు, ఒత్తిళ్లు రాసిన కాగితం అన్నీ వెంట తీసుకెళ్లండి. మెమరీ కార్డు ఉంటే మిషనులోనే ఉంచండి, రాత్రి ఎంత లీకైందో, ఎన్ని ఊపిరులు మిషనే ఇచ్చిందో డాక్టరుగారు అందులో చూస్తారు.